నవ్వురాని ప్రశ్న

అనంతామాత్యుని 'భోజరాజీయము'లోని గోవ్యాఘ్ర సంవాదాన్ని బోధిస్తున్నాను. "ఆవు కూడా మాంసం తింటే ఏమవుతుంది సార్?" అని ఒక విద్యార్థిని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. బ్రిటన్‌లో జరిగింది అదే.

చౌకగా పోషణ లభిస్తుందని అక్కడ పశువుల దాణాలో పశువుల మాంసం, ఎముకల పొడినే కలిపారు. 1986లో ఆవులు తూలి పడిపోయే వింతవ్యాధిని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటి మెదడు రంధ్రాలు పడి స్పంజిని తలపించింది. దీనికి కారణం సూక్ష్మజీవి కాదు, ఆకృతి చెడిన ఒక ప్రోటీను. అది తన చెంతనున్న మంచి ప్రోటీనును సైతం తనవలెనే మార్చివేస్తుంది. 1982లోనే దానికి 'ప్రియాన్' అని పేరుపెట్టిన స్టాన్లీ ప్రూసినర్ మాటను తోటి శాస్త్రజ్ఞులు పలువురు నమ్మలేదు. 1997లో ఆయనను నోబెల్ బహుమతి వరించింది.

1988లో ఆ దాణాను నిషేధించినా, 1,80,000కు పైగా పశువులు వ్యాధి పాలయ్యాయి. గొడ్డుమాంసం నిరపాయమని చెబుతూ వచ్చిన ప్రభుత్వమే, 1996 మార్చిలో ఆ వ్యాధి మనుషులకూ సోకి ఉండవచ్చునని ఒప్పుకున్నది. అక్కడ 178 మంది మరణించారు.

కథలోని పులి ఆవు మాట విన్నది. మానవుడు ఆవు ధర్మాన్నే మార్చబోయాడు. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న, దాణా కలిపిన తొలినాడే అడగవలసినది.