అత్తయ్యగారి గదిలో ఏసీ

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ ఉగాది వెళ్ళగానే మావారి చేత అటక మీది కూలరు దింపించడం మా ఇంటి ఆనవాయితీ. పాత గడ్డి తీసేసి కొత్త గడ్డి పెట్టించి, కిటికీ దగ్గర నిలబెట్టి నీళ్ళు పోస్తే మే నెల ఎలాగో గడిచిపోయేది. మావారికి బందరు బదిలీ అయి అత్తయ్యగారి ఇంటికి వచ్చేసినప్పుడు ఆ కూలరునీ లారీ ఎక్కించాను. "ఇక్కడ అది పనికిరాదమ్మాయ్" అని ఆవిడ చెబుతూనే ఉన్నారు. నేను వింటేగా!

మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది. నీళ్ళు ఆవిరైతేనే కూలరు చల్లగాలి ఇస్తుంది. హైదరాబాద్ పొడిగాలి ఆ తడిని ఇట్టే పీల్చుకుంటుంది. సముద్రం దగ్గరున్న బందరు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఇంక నీళ్ళెక్కడ ఆవిరవుతాయి? కూలరు వేసిన కాసేపటికే దుప్పట్లు చెమ్మగిల్లేవి, ఒళ్ళంతా జిడ్డు. పైగా తొట్టి వారానికోసారైనా కడక్కపోతే దోమలు.

చివరికి వాయిదాల మీద ఏసీ కొన్నాం. ఒక్కటే కాబట్టి మా పడకగదిలో పెట్టించుకున్నాం. పిల్లలూ మా దగ్గరే. అత్తయ్యగారిని రమ్మంటే "నాకా చలి పడదు, నా గదిలో ఫ్యాను చాలు" అన్నారు. నమ్మేశాను. అలా నమ్మడం నాకూ సులువుగానే ఉంది.

రోహిణి కార్తెలో ఒక రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేచాను. ఆవిడ హాల్లో గచ్చు మీద గోడకానుకుని కూర్చుని, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని విసనకర్రతో విసురుకుంటున్నారు. ఆవిడది పడమటి గది. సాయంత్రం ఎండంతా పీల్చుకున్న గోడలు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతాయి. "ఏంటత్తయ్యా ఇది?" అంటే "ఏం లేదులే, నిద్ర పట్టక" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, బీపీ మాత్రలు వేసుకునే మనిషి. నా వెనక తెరిచిన తలుపులోంచి మా గది చల్లగాలి కాళ్ళకి తగులుతోంది. సిగ్గేసింది. కొడుకూ కోడలూ పడుకునే గదిలోకి ఆవిడ ఎలా వస్తారన్నది నాకు తట్టనే లేదు.

వారం తిరక్కుండా ఏసీ విప్పించి ఆవిడ గదిలో బిగించాం. "నాకెందుకమ్మాయ్, కరెంటు బిల్లు..." అన్నారు. "మీక్కాదు, పిల్లలకి" అన్నాను. ఇప్పుడు పిల్లలు నాయనమ్మ దగ్గరే పడుకుంటారు. వాళ్ళ కోసమని తొమ్మిదింటికల్లా ఆవిడే రిమోటు నొక్కుతారు. 26లో పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పితే హాయిగా ఉంటుంది, బిల్లూ అదుపులో ఉంటుంది.

రెండు వారాలకోసారి ఫిల్టర్లు కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టడం నా పని. ఆ తర్వాత వరసగా రెండేళ్ళు మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయిందమ్మా" అని నింపి డబ్బులు తీసుకెళ్ళాడు. మూడో ఏడు ఇంకో అబ్బాయి వచ్చి గొట్టం అతుకుకి సబ్బు నురగ రాసి బుడగలు చూపించాడు. గది మార్చినప్పుడే అతుకు సరిగ్గా పడలేదట. "గ్యాస్ వాడితే అయిపోయేది కాదమ్మా, కారితేనే తగ్గుతుంది" అన్నాడు. మీరూ ముందు ఆ కారేదేదో చూపించమని అడిగి, ఆ తర్వాతే నింపించుకోండి.

మావారూ నేనూ మేడ మీద పక్కలేసుకుంటున్నాం. గాలి ఆడని రాత్రుళ్ళు కష్టంగానే ఉంటుంది, అబద్ధమెందుకు! వచ్చే ఏడు ఇంకొకటి కొనాలని డబ్బు వేరే పెడుతున్నాను.

మీ ఇంట్లో ఏసీ ఏ గదిలో ఉంది? ఈ వేసవిలో ఒక్కసారి రాత్రి రెండింటికి లేచి మిగతా గదులు చూసి రండి.