ఒక్క తూము, రెండు మళ్లు

టీవీ మెకానిక్ దగ్గరికి వచ్చేవాళ్లు రోగం పేరు చెప్పరు, లక్షణం చెబుతారు. ‘గీతలు వస్తున్నయ్’, ‘సప్పుడు లేదు’, ‘బొమ్మ ఎగురుతాంది’. మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లుగా వింటున్న మాటలే ఇవి. 2012, 2013 ప్రాంతంలో మాత్రం కొత్త ఫిర్యాదు ఒకటి మొదలైంది: ‘అద్దాలు పెట్టుకుంటే మసక మసక కనవడుతాంది’.

అవి 3డి టీవీల రోజులు. 2009 చివర్లో వచ్చిన ‘అవతార్’ పుణ్యమా అని ఊరంతా నల్లద్దాల మోజు. 2010 జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌తో అమెరికాలో ఈఎస్‌పీఎన్ 3డి ఛానల్ మొదలైంది. అదే ఏడాది బ్రిటన్‌లో స్కై 3డి వచ్చింది. మన దగ్గరా కొందరు డీటీహెచ్ వాళ్లు చూపించారు. టీవీ అట్టపెట్టె మీద ‘ఫుల్ హెచ్‌డీ’ అని ఉండేది. ఆ ఫుల్ ఎక్కడ సగమవుతుందో మాత్రం ఎక్కడా రాసి ఉండేది కాదు.

సంగతి ఇది. 3డి కావాలంటే కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి ఇంకో బొమ్మ పంపాలి. ఛానల్ దారి మాత్రం ఒకటే, ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్సూ పాతదే. అందుకని రెండు బొమ్మలనూ అడ్డంగా నొక్కి, ఒకే ఫ్రేములో పక్కపక్కన పెట్టి పంపేవారు. తూము ఒక్కటే, కింద మళ్లు రెండు. చెరో సగం నీళ్లు.

ఒక్క తూముతో రెండు పారించడం మా పాలమూరుకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ వచ్చినప్పుడు మా జిల్లా ఊళ్లూ అందులో ఉన్నాయి. కోళ్ల జాలీతో చేసిన పదడుగుల గొడుగు ఆంటెన్నా, దాని కింద ఊరందరికీ ఒకే పెట్టె. అప్పుడు ఒక బొమ్మ వెంట రెండు భాషల మాటలు పంపే ఏర్పాటు ఉండేది. మాటకు నీళ్లు తక్కువ పడతాయి, జొన్నచేను లెక్క. బొమ్మ అట్లా కాదు, వరిమడి.

మసక కేసుల్లో నన్ను కంగారు పెట్టింది జడ్చర్ల దగ్గరి ఒక రిటైర్డ్ లెక్కల సారు ఇల్లు. మనవడి కోసం 3డి టీవీ కొన్నారు. అంతకు కొద్ది నెలల ముందే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. అద్దాలు పెడితే స్కోరు చదవరాక, ఆపరేషనే చెడిపోయిందని తీర్మానించుకున్నారు. డాక్టరు బాగుందన్నా నమ్మలేదు. రెండో కన్ను ముట్టనివ్వనని భీష్మించుకు కూర్చున్నారు.

నేను రిమోట్ తీసుకుని 3డి ఆపేశాను. సన్నగా పీక్కుపోయిన ఆటగాళ్లు జంటలు జంటలుగా పక్కపక్కన కనిపించారు.

“సారూ, అడ్డంగా 1920 చుక్కలు. ఒక్కో కంటికి ఎన్ని?”

“తొమ్మిది వందల అరవై.”

“మీవి బ్యాటరీ లేని అద్దాలు. నిలువున ఉన్న 1080 గీతల్లో ఒకటి విడిచి ఒకటి ఒక కంటికి, మిగిలినవి ఇంకో కంటికి.”

“అయిదు వందల నలభై…” సారు పేపరు అంచు మీద గుణించారు. “ఇరవై లక్షల డెబ్బై మూడు వేల ఆరు వందలకు, అయిదు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు. నాలుగో వంతేనారా!”

రెండు కళ్లూ కలిపి చూస్తాం కనుక మెదడు కొంత పూడ్చుకుంటుంది. సన్నటి అక్షరాల దగ్గర మాత్రం దొరికిపోతుంది. తర్వాత మామూలు ఛానల్ పెట్టాను. అదే కన్ను, అదే కుర్చీ. కింద పాకుతున్న వార్తలను సారు బడిలో పాఠం చదివినట్టు పైకి చదివేశారు.

బ్లూరే 3డి డిస్కులో ఈ నొక్కుడు లేదు, రెండు బొమ్మలూ నిండుగా ఉంటాయి. ఆ ప్లేయరు కొన్నవాళ్లను మా దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2013లో ఈఎస్‌పీఎన్ 3డి మూతపడింది. 2017కల్లా ఎల్‌జీ, సోనీ కూడా 3డి టీవీలు మానేశాయి. నా మట్టుకు అక్షరం పోగొట్టి లోతు చూపించడం ఎన్నడూ లాభసాటి బేరం అనిపించలేదు.

సారు రెండో కంటి ఆపరేషన్ ఆ దసరాకు ముందే అయింది. మళ్లీ ఫోన్ చేసింది రిమోట్ కోసం. “ఆ 3డి బటన్ మీద ప్లాస్టర్ ఏదన్నా అతికియ్యి. పోరడు ఊకె నొక్కుతుండు.”