అమ్మ ఇంక రానంది!

‘ఇంక నన్నెక్కడికీ తిప్పకు నాయనా. రాముణ్ని ఇంట్లోనే తల్చుకుంటాలే.’

కిందటి ఏప్రిల్లో పాల్వంచ దగ్గర ఓ చార్జింగ్ స్టేషన్లో రేకుల నీడన కూర్చుని అమ్మ అన్నమాట ఇది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. షుగరు. ఒంటిగంటకల్లా అన్నం తినాలి. అప్పటికే రెండున్నర. మా కారేమో తాపీగా కరెంటు తాగుతోంది.

అసలు విద్యుత్తు కారు కొన్నదే అమ్మకోసం. రెండు నెలలకోసారి ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కడ దర్శనం చేసుకుని దుమ్ముగూడెంలో అక్కావాళ్లింటికి. అంతా కలిపి 145 కిలోమీటర్లు. నిండా చార్జి చేస్తే 240 దాకా వచ్చేది. కాగితం మీద అంతకంటే ఎక్కువే రాసి ఉంటుందిగానీ అది పరీక్షల లెక్క. మన రోడ్ల మీద అందులో మూడొంతులొస్తే పండగే!

ఆరోజు స్టీరింగు మావాడి చేతిలో ఉంది. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు... ఎక్కడా వంద తగ్గలేదు. కొత్తగూడెం చేరేసరికి మీటర్లో సగమే మిగిలింది. గుండె గుభేలుమంది. ఎనభై కిలోమీటర్లకే సగమైపోతే, మిగతా అరవై అయిదూ వెళ్లాక ఏం మిగులుతుంది? భద్రాచలం దాటాక అడవి దారి. అక్కడ ఆగిపోతే ఫోను సిగ్నలు కూడా నమ్మకం లేదు. అందుకే పాల్వంచలో ఆగాం.

చార్జరు మీద 60 కిలోవాట్లని రాసుంది. తెరమీద మాత్రం 17 దాటలేదు. ఎదురుగా కేటీపీఎస్ చిమ్నీలు. 2018లో అక్కడ ఒక్క యూనిట్టే 800 మెగావాట్లది పెట్టారు. దాని పక్కన నిలబడి కరెంటు కోసం దేవుళ్లాడటం... నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సాయంత్రానికి ఎలాగో అక్కావాళ్లింటికి చేరాం. ‘డీజిలు బండి తీసుకోమంటే విన్నావా బావమరిదీ’ అన్నాడు బావ. నాకు ఆ మాటకన్నా అమ్మ మౌనమే ఎక్కువ గుచ్చుకుంది. తిరిగొచ్చాక రెండుసార్లు ప్రయాణమన్నా ఏదో వంకతో తప్పించుకుంది. తనవల్ల మేం ఇబ్బంది పడ్డామని ఆమె బాధ.

బండి అమ్మేద్దామనే అనుకున్నా. అమ్మేముందు అసలు జబ్బేమిటో తెలుసుకుందామని సర్వీసు సెంటర్లో పరీక్ష చేయించా. ‘బ్యాటరీ ఆరోగ్యం 95 శాతం ఉంది సార్. బండిలో ఏం లోపం లేదు’ అన్నాడు అక్కడి కుర్రాడు. మరి లోపం ఎక్కడ? మా దగ్గరే! ఒక నోటుపుస్తకం పెట్టి ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చా.

మొదటి నేరస్థుడు వేగం. బండి వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుతన్నడం అంతకు రెట్టింపుకన్నా ఎక్కువ పెరుగుతుంది. 70 మీద వెళ్లేదాన్ని 100 మీద తోలితే మా బండికి నాలుగో వంతు దూరం హారతే. రెండోది టైర్లు. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితంలో 33 పాయింట్ల గాలి ఉండాలని ఉంది. చూస్తే 26 ఉంది. మూడోది మేనకోడలి పెళ్లికి సామాన్లకోసం బిగించిన పైక్యారియర్. పెళ్లయి ఆర్నెల్లయినా తియ్యలేదు. పైగా మండుటెండలో ఏసీ!

మీటరు కూడా కొంచెం అబద్ధమాడుతోంది. మా బండిలోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. రోజూ 80 దగ్గరే ఆపేస్తే అది తన లెక్క తానే మర్చిపోతుందట. వారానికోసారి నిండా ఎక్కిస్తే సర్దుకుంటుంది. అన్ని బ్యాటరీలకూ ఈ సూత్రం పనికిరాదు, ఎవరి బండితో ఇచ్చిన పుస్తకం వాళ్లు చూసుకోవాలి.

మరి పాల్వంచలో ఆ నత్తనడక? రెండు కారణాలు. ఆ యంత్రానికి రెండు గన్నులు, పక్కన ఇంకో బండి కూడా తాగుతోంది. ఉన్నదాన్ని ఇద్దరూ పంచుకోవాల్సిందే. ఇక ఎండలో దౌడు తీసి వచ్చిన బ్యాటరీ బాగా వేడెక్కితే కారే కరెంటు తగ్గించుకుంటుంది. తనను తాను కాపాడుకోవడమన్నమాట. 2024 జనవరిలో షికాగోలో గడ్డకట్టే చలికి చార్జింగు ఎక్కక కార్లు బారులు తీరాయి. వాళ్లకి చలి, మనకి ఎండ!

ఇంట్లోనూ చార్జింగుకు పన్నెండు గంటలు పట్టేది కాస్తా పంతొమ్మిదికి చేరింది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే 15 యాంప్స్ ప్లగ్గు విప్పి చూపించాడు. లోపల నల్లగా కాలి ఉంది. ప్లగ్గు వేడెక్కితే చార్జరు కరెంటు తగ్గించేస్తుందట. దానికితోడు సాయంత్రాలు వోల్టేజి 185. ఎర్త్ గొయ్యి ఎండిపోయి, ఒక్కోసారి ఎర్రలైటు వెలిగి అసలు ఎక్కేదే కాదు. మీటరు దగ్గర్నుంచి విడిగా మందపాటి వైరు లాగించి, ఎంసీబీ పెట్టించి, ఎర్త్ బాగుచేయించా. చార్జింగు అర్ధరాత్రికి మార్చా. మళ్లీ పన్నెండు గంటలే! ఒక్కమాట... ఇవన్నీ తెలిసినవాళ్లతోనే చేయించాలి. కారులోని నారింజరంగు వైర్ల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. అవి హైవోల్టేజివి.

జూన్ చివర్లో ఒకరోజు ‘అక్క రమ్మంటోంది’ అన్నా అమ్మతో. ‘అన్నం వేళకి చేరతామా?’ అంది. చేరతామన్నా. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. టైర్లలో గాలి సరిగ్గా ఉంది, పైన క్యారియర్ లేదు, వేగం 70 దాటలేదు. వాన పడటంతో ఏసీ అవసరం కూడా పెద్దగా రాలేదు. కొత్తగూడెంలో మీటరు 67. అమ్మ చూడకుండా ఊపిరి పీల్చుకున్నా.

పాల్వంచ దాటాక టేకుచెట్లు తడిసి నిగనిగలాడుతున్నాయి. వంతెన మీద గోదారిని చూసి అమ్మ దణ్నం పెట్టుకుంది. దర్శనం చేసుకుని పదకొండున్నరకి అక్కావాళ్లింటి ముందు ఆగేసరికి ఇంకా నలభై శాతం మిగిలే ఉంది. ఒంటిగంటకి అమ్మ విస్తరి ముందు కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కారెక్కుతూ అక్కతో అంటోంది... ‘మళ్లీ నెల వస్తానే. పర్ణశాల చూసి ఎన్నాళ్లయిందో!’