జీవో 3 పోయిన రోజు మాకు అర్థంకానిది



2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌. హాస్టళ్లు మూసేస్తే మేమంతా ఊళ్లకొచ్చేశాం. పొద్దున్న జీడితోటల్లో పిక్కలు ఏరడం, సాయంత్రం కొండ మీద సిగ్నల్ దొరికే బండ దగ్గర కూర్చోవడం. 22న ఆ బండ మీదే మెసేజ్ చూశాం. జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మాలో నలుగురం డీఎడ్ చదువుతున్నాం. కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు.

2000 జనవరి 10 నాటి ఆ జీవో, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకేనంది. మా భాషలో పాఠం చెప్పిన మాస్టారు మా బడికొచ్చింది దానివల్లే.

ముందు కోపమే వచ్చింది. చదవకుండా తిట్టడం దేనికని ఒక అన్నయ్య అంటే, తీర్పును కొంచెం కొంచెంగా చదివాం. ఏదైనా చట్టం మన ప్రాంతానికి వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు చెప్పొచ్చని ఐదో షెడ్యూలు 5వ పేరా అంటుంది. ఆ అధికారం కూడా ప్రాథమిక హక్కుల్ని దాటకూడదని, నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం షరతులతో ఉండనిచ్చింది.

"మన మేలు కోసం వాడిన అధికారానికి కూడా హద్దేంట్రా?" అన్నాడు మాలో ఒకడు.

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే, మనం రోజూ వాడే 'ఏజెన్సీ' అనే మాట దగ్గర తేలాం. 1839లో కంపెనీ ప్రభుత్వం 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించింది. కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. శిస్తు ఆయనదే, పోలీసు ఆయనదే, తీర్పూ ఆయనదే. ఇది తప్పని చెప్పుకోడానికి మన తాతముత్తాతలకు ఇంకో గడప లేదు.

అంతకు 52 ఏళ్ల ముందే, 1787లో, అమెరికావాళ్లు రాజ్యాంగం రాసుకున్నారు. రాజును వదిలించుకున్నవాళ్లు గనక చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు వేరువేరుగా ఉండాలన్నారు. ఆ మూడూ ఒక్క చేతిలో పడితే అదే నిరంకుశత్వమని మాడిసన్ వాదించాడు. మరి ఆ హద్దు అక్కడి ఆదివాసుల్ని కాపాడిందా? చెరోకీల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని 1832లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. అధ్యక్షుడు జాక్సన్ ఆ తీర్పు అమలుకు పూనుకోలేదు. 1838-39లో వాళ్లను బలవంతంగా పడమటికి తోలేశారు. దారిలోనే వేలమంది పోయారు. అంటే హద్దు కాగితం మీదుంటే చాలదు, దాన్ని పట్టుకు నిలబడే మనుషులుండాలి.

మనకు హద్దు పనికొచ్చిన రోజూ ఉంది. 1997లో సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు హద్దు ప్రభుత్వానికి పడింది, మనం సంబరపడ్డాం. 2020లో అదే హద్దు మనకిచ్చిన జీవోకి పడింది. ఒకటి కావాలి, ఒకటి వద్దు అనలేం కదా.

సమతకు ఆసరా అయిన 1/70 ఒక రెగ్యులేషన్. అలాంటిది చేయాలంటే గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. జీవో 3కి అంత గట్టి పునాది లేదు. 1986లో ఇలాంటి జీవోనే, 275 నంబరుది, వస్తే 1989లో ట్రిబ్యునల్ కొట్టేసింది. అంటే ఆ హెచ్చరిక ముప్పై ఏళ్లుగా ఉంది. మనకు చెప్పినవాళ్లు లేరు, మనమూ అడగలేదు.

అందుకే ఊరికే "జీవో 3 తిరిగి ఇవ్వండి" అంటే చాలదనిపిస్తోంది. కోర్టులో నిలబడే చట్టం అడగాలి. ఎంత శాతం, ఎందుకు అన్నది చూపించగలగాలి. ఏ బడిలో పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు, ఏ బడిలో కువి, ఆ భాష వచ్చిన టీచర్లు ఎంతమంది, ఈ లెక్క మన దగ్గరుండాలి. మేం మా చుట్టుపక్కల మూడు ఊళ్ల బడులతో మొదలుపెట్టాం. ఆ నలుగురిలో ఒకడు డీఎడ్ మానేసి చెన్నై పనికి వెళ్లిపోయాడు. వాడి తమ్ముడు ఇప్పుడు ఇంటర్. వాడికైనా చెప్పడానికి మన దగ్గర ఒక జవాబుండాలి.

మీ ఊరి బడి లెక్క మీరూ రాయండి.