బైలాడిలా మట్టిలో కోబాల్టు

కొత్తవలస–కిరండోల్ లైను మీద రైలు పైకి ఎక్కుతుంటే, ఇనుప రాయి నింపుకున్న గూడ్సు బళ్లు విశాఖ రేవు వైపు దిగుతూ ఎదురొస్తాయి. జపాన్‌కు ఖనిజం పంపడానికి 1960లలో వేసిన లైను అది. బైలాడిలా కొండల్లో తవ్వకం 1968లో మొదలైంది.

దంతేవాడకు ఎగువన, శంఖినీ నది ఒడ్డు పొలంలో దిగాం. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎరుపు కనబడగానే విషం అనెయ్యడం నాకు నచ్చదు. అక్కడి నేల రంగే అది. అయితే వానల్లో కొండ మీంచి ఇనుప ధూళి కొట్టుకొచ్చి మళ్లలో మేట వేయడమూ నిజమే.

మా దగ్గరున్నది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం. చూడ్డానికి గోడకు కన్నాలేసే డ్రిల్లులా ఉంటుంది, అందరం గన్ అనే అంటాం. తేమ ఎక్కువైతే అంకెలు తగ్గి చూపిస్తుంది కాబట్టి మట్టిని పళ్లెంలో ఎండబెట్టి, వేళ్లూ రాళ్లూ ఏరి, జల్లెడ పట్టి, పలచటి పొర బిగించిన చిన్న డబ్బాలో పోసి నొక్కాం. నిమిషంలో తెర మీద కోబాల్టు పెద్ద అంకెతో వచ్చింది.

మాతో వచ్చిన కుర్రాడు వెంటనే ఫోన్‌లో ఫొటో తీశాడు. ఎవరికీ పంపొద్దన్నాను. కోబాల్టు ఎక్స్‌రే ముఖ్య గీత 6.93 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడుతుంది, ఇనుము రెండో గీత 7.06 దగ్గర. ఇనుము ఇంతగా ఉన్న మట్టిలో దాని గీత పక్కదాని మీదికి పొర్లి కోబాల్టులా కనబడుతుంది. సీసం, ఆర్సెనిక్‌ల మధ్యా ఇదే గొడవ. ఆ మట్టిని పొట్లాలు కట్టి ల్యాబుకు పంపాం. ఆమ్లంలో కరిగించి చూస్తే కోబాల్టు మామూలుగానే ఉంది.

ఆ మాట చెప్పడానికి మళ్లీ వెళ్తే, రైతు పెద్దాయన గోండీలో అడిగిన ప్రశ్నను కుర్రాడు తెలుగులో చెప్పాడు: “విషం లేకపోతే వరి ఎందుకు రావట్లేదంటున్నాడు దాదా.”

ఆయన కాలి బొటనవేలితో పైపెచ్చు ఎత్తి చూపించాడు. సన్నటి ఎర్ర ధూళి చెక్కు కట్టి, కింది మట్టికి నీరు దిగకుండా మూసేసింది. గన్ అది చూడలేదు. చూసేది పైనున్న కాస్త పొరలోని మూలకాలనే. బస్తర్‌లో మట్టి పరీక్షకు వెళ్లేవాళ్లు గన్‌తోపాటు ఒక పారా, స్కేలూ కూడా పట్టుకెళ్లండి. మేట ఎన్ని అంగుళాలుందో ముందు రాసుకోండి.