పెద్ద అక్షరాల కానుక

డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, నాయినకు డెబ్బయ్యయిదు నిండుతున్నయి. కిండిల్ పంపుదామనుకుంటున్న. మంచిగుంటదంటవా?"

పంపరా, బాగుంటుంది అనేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. కానీ చిన్నాయన సంగతి నాకు తెలుసు. గరిడేపల్లి చుట్టుపక్కల బడుల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. పొలం కౌలుకిచ్చాడు, పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇచ్చేయలేదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం వసారాలో ఏదో ఒక పుస్తకం. సాగర్ ఎడమకాలువ నీళ్లొచ్చి రెండు పంటలు పండే ఊళ్లు మావి. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం లారీలు రాత్రింబవళ్లు పోతుంటే, ఆ మోతలో కూడా ఆయన చదువు ఆగేది కాదు. అలాంటి మనిషికి చదువుకునే వస్తువు పంపేటప్పుడు ఆ వస్తువులో ఏముందో, ఏం లేదో చూసి పంపాలి. రెండు రోజులు ఆగమన్నాను.

ముందు ఆయన కళ్ల గురించి ఆలోచించాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మనుషులు ఆనుతున్నారు, ఎదురుగా వచ్చే బండి ఆనుతున్నది. అచ్చు మాత్రం మునుపటిలా సాగడం లేదు. పది పేజీలు చదివి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటాడు. దీంట్లో తప్పంతా కళ్లదే కాదు, మన అచ్చుకూ భాగముంది. తెలుగు అక్షరం ఒక్క వరసలో ఒదిగి కూర్చోదు. నడుమ హల్లు, పైన గుణింతం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. థకూ ధకూ మధ్య ఉన్న తేడా కడుపులో ఒక్క చుక్క. కాగితం ఖర్చు తగ్గించడానికి అక్షరాన్ని కుదించినప్పుడు ముందు పోయేవి ఈ చుక్కలూ వత్తులే. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. అయినా మన ప్రచురణల్లో చాలావాటిని పడుచు కళ్లకే అచ్చేస్తున్నారు. పుస్తకాలను అందరికంటే శ్రద్ధగా చదివేవాళ్లు రిటైరైన మాస్టార్లూ పెద్దమ్మలూ అని తెలిసీ అలా వేయడం నాకు బాధగా ఉంటుంది.

ఆ లెక్కన కిండిల్ లాంటి ఈ-రీడరును మించిన కానుక లేదు. దాని తెర ఫోను తెరలాగా కళ్లలోకి వెలుగు కొట్టదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధనల్లోంచి 1997లో పుట్టిన ఈ-ఇంక్ అనే కంపెనీ తయారుచేసిన పద్ధతి అది. తెర లోపల వెంట్రుక మందాన ఉండే గుళికలు లక్షలకొద్దీ ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు ఒక రంగువి పైకి తేలుతాయి, రెండోవి అడుక్కి పోతాయి. పేజీ మారేటప్పుడు తప్ప ఆ అక్షరాలకు కరెంటుతో పని లేదు. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. ఎండలో ఫోను నల్లబడిపోతుంది, ఇది కాగితంలాగే కనిపిస్తుంది. మా వైపు ఎండాకాలంలో వసారాలో కూర్చునే మనిషికి ఇది చిన్న సుఖం కాదు.

అన్నింటికంటే గొప్ప గుణం అక్షరం పెరగడం. పేజీకి ముప్ఫై పంక్తులున్న పుస్తకాన్ని పన్నెండు పంక్తులకు తెచ్చుకోవచ్చు. మాటలు వాటంతటవే కింది పంక్తికి జరిగి సర్దుకుంటాయి. పేజీల సంఖ్య పెరుగుతుంది కానీ చేతిలో బరువు పెరగదు. భూతద్దం పట్టుకుని చదివే మనిషి భూతద్దం పక్కన పెట్టేయవచ్చు. ఇంతవరకూ తమ్ముడి ఆలోచనకు చేతులెత్తి దండం పెట్టాలి.

తరువాతి ప్రశ్న, అందులో చిన్నాయన ఏం చదువుతాడు?

అమెజాన్ మొదటి కిండిల్‌ను అమెరికాలో 2007 నవంబరులో అమ్మకానికి పెట్టింది. మన దేశపు భాషల పుస్తకాలకు తలుపు తీసింది 2016 డిసెంబరులో. అప్పుడు తీసుకున్నవి ఐదు భాషలు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది, దేశంలో నాలుగో స్థానం. ఆ ఐదింటిలో తమిళం, గుజరాతీ, మలయాళం మాట్లాడేవాళ్లు మనకంటే తక్కువ మంది. ఈ అంకెలు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అలాగని తప్పంతా పైవాళ్లదనీ అనలేను. పుస్తకాలు కంపోజు చేసే మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచింది అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ ఫైలులో తెరమీద తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు తీసేస్తే అర్థంకాని గీతలు మిగులుతాయి. దాన్ని ఈ-పుస్తకం చేయాలంటే యూనికోడులోకి మార్చాలి. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి కాబట్టి పుస్తకం మొత్తం మళ్లీ ప్రూఫు చూడాలి. వెయ్యి కాపీలు వేసి అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు ఎదురుచూసే ప్రచురణకర్త ఆ ఖర్చు ఎక్కడినుంచి తెస్తాడు? అలా మన సాహిత్యంలో పెద్ద భాగం కంప్యూటర్లోనే ఉండి కూడా చదివే యంత్రానికి అందకుండా ఉండిపోయింది. కినిగె లాంటివాళ్లు పట్టుదలగా తెలుగు ఈ-పుస్తకాలు అమ్మారు. అయితే కాపీలు తీయకుండా వాటికి వేసింది అడోబీ తాళం. కోబో లాంటి రీడర్లకు ఆ తాళం తీయడం వచ్చు, కిండిల్‌కు రాదు. డాలస్‌లో కొని గరిడేపల్లికి పంపేవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

ఇక మిగిలింది స్కాను పుస్తకాలు. వాటి విషయంలో మనం అదృష్టవంతులం. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రానికి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించాలని సంకల్పించారు. ఆ పనిలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది. పాత తెలుగు పుస్తకాలు వేలల్లో స్కానయ్యాయి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. చిన్నాయన అడిగే పుస్తకాలు చాలావరకు ఈ కోవలోవే.

కానీ స్కాను అంటే పేజీకి తీసిన ఫొటో. ఫొటోలో పంక్తులు సర్దుకోవు. ఇది కాగితం పట్టుకుని లెక్కవేసి చూశాను. మామూలు డెమ్మీ సైజు పుస్తకం ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. ఆరు అంగుళాల ఈ-రీడరు అంటే ఆ ఆరు మూలనుంచి మూలకు. ఎత్తు ఐదు అంగుళాలు కూడా రాదు. పేజీ మొత్తం అందులో పట్టాలంటే అక్షరం సగానికి దగ్గరగా కుంచించుకుపోతుంది. పెద్దది చేస్తే పంక్తి సగమే కనిపిస్తుంది, వేలితో పక్కకు జరుపుతూ, మళ్లీ వెనక్కి లాగుతూ చదవాలి. ఏ గుణం చూసి ఈ వస్తువు కొనాలనుకున్నామో, తెలుగు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆ గుణమే పనిచేయకుండా పోతోంది. శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి చేతిలో, అచ్చు పుస్తకం కంటే చిన్న అక్షరాలు చూపించే యంత్రం పెట్టి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

హైదరాబాదులో ఇంగ్లీషు నవలలు చదివే మా మేనకోడలికైతే ఈ ఆలోచనంతా అక్కర్లేదు. కళ్లు మూసుకుని కొనివ్వొచ్చు. కోదాడ, సూర్యాపేట గ్రంథాలయాల్లో గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్న పిల్లలకు అస్సలు వద్దు. వాళ్లకు కావలసింది గీతలు గీసుకునే, మూలలు మడిచే పుస్తకం.

చిన్నాయనకు చూచాయగా విషయం చెప్పి చూశాను. ఇన్ని వందల పుస్తకాలు పడతాయి, అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది అన్నాను. అంతా విని ఆయన అడిగింది ఒకే మాట: "మరి నేను చదివినంక ఇంకొకలకు ఇయ్యొచ్చునా?"

ఆయన దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. ఏ పుస్తకం ఎవరు తీసుకుపోయారో అందులో రాసుకుంటాడు. ఆయన పుస్తకాలు పొనుగోడు, గడ్డిపల్లి దాకా పోయి అట్టలు నలిగి తిరిగొస్తాయి. ఇది ఆయన ఒక్కడి అలవాటు కాదు, ఈ నేల అలవాటు. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావలసిన రోజుల్లో ఇక్కడివాళ్లు పఠనాలయాలు పెట్టుకున్నారు. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకెళ్లి పాఠకుడి చేతిలో పెట్టాడు. మాకు దగ్గర్లోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తరం చూసి పెరిగినవాళ్ల దగ్గర చదువుకున్నాడు చిన్నాయన. పుస్తకమంటే చేతులు మారేది అని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీ దుకాణంలో కొన్న ఈ-పుస్తకానికి ఆ స్వేచ్ఛ లేదు. మనం కొనుక్కునేది చదువుకునే అనుమతి మాత్రమే. 2009 జులైలో అమెజాన్, ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్‌లలోంచి చెప్పాపెట్టకుండా చెరిపేసింది. హక్కులు లేనివారెవరో వాటిని అమ్మకానికి పెట్టారని, డబ్బు తిరిగిచ్చామని చెప్పి, తరువాత క్షమాపణ కోరింది. డబ్బు తిరిగివచ్చినా, ఇంట్లో పెట్టుకున్న పుస్తకాన్ని బయటివాళ్లు రాత్రికి రాత్రి తీసుకుపోగలరన్న సంగతి మాత్రం తేలిపోయింది. తాళం లేని పుస్తకాలకు ఈ బాధ లేదు. కాపీ తీసి ఎవరికైనా ఇవ్వవచ్చు.

రెండు రోజుల తరువాత తమ్ముడికి ఫోన్ చేశాను. పంపు, కానీ ఖాళీ పలక పంపకు అని చెప్పాను. ఆరంగుళాలది వద్దు. పది అంగుళాల తెర ఉన్నవి వచ్చాయి. వాటిలో డెమ్మీ పుస్తకం పేజీ దాదాపు అసలు సైజులో కనబడుతుంది, నాలుగువైపులా ఖాళీ అంచులు కత్తిరిస్తే అక్షరం ఇంకొంచెం పెద్దదవుతుంది. ధర ఎక్కువ, బరువు కూడా నాలుగు వందల గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని చదువుతాడు కాబట్టి ఫరవాలేదు. అంత డబ్బు పెట్టలేకపోతే ఆ సొమ్ముతో కొత్త అచ్చు పుస్తకాలు నెలనెలా హైదరాబాదు నుంచి వచ్చేలా ఏర్పాటు చేయమన్నాను. అదేమీ తక్కువ కానుక కాదు.

తమ్ముడు పెద్దదే కొంటానన్నాడు. అయితే ఇంకో పని కూడా ఉందని చెప్పాను. స్కానులు ఎన్ని ఎక్కించినా సర్దుకునే అక్షరాలున్న పుస్తకాలు కొన్నైనా ఉండాలి. తెలుగు వికీసోర్సులో ఎవరో ముక్కూముఖం తెలియని మంచి మనుషులు పాత పుస్తకాలను ఒక్కో పేజీ టైపు చేసి, తప్పులు దిద్ది పెడుతున్నారు. అక్కడ తయారైన పుస్తకాన్ని ఈపబ్‌గా దించుకోవచ్చు. ఈ-రీడర్లలో మనకు నచ్చిన ఫాంటు మనమే వేసుకోవచ్చు. వార్తాపత్రికల కోసం తయారుచేసిన ఒక తెలుగు ఫాంటుకు 'సురవరం' అని పేరు పెట్టారు, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి మీద. ఉచితంగానే దొరుకుతుంది.

సురవరం వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి అవార్డు, 1955లో, ఆ పుస్తకానికే. ఆయన 1953లో కన్నుమూశారు కాబట్టి అరవయ్యేళ్ల కాపీహక్కు 2013తో తీరిపోయింది. ఇప్పుడు ఎవరైనా టైపు చేసుకోవచ్చు, ఎవరికైనా పంచవచ్చు. తమ్ముడి కూతురు అక్కడ మనబడిలో తెలుగు నేర్చుకుంటోంది. వాళ్లిద్దరూ కూర్చుని వారానికి కొన్ని పేజీలు చూసుకోవచ్చు కదా అన్నాను. స్కాను ఒకవైపు, టైపు చేసింది ఒకవైపు పెట్టుకుని వత్తులు సరిచూడటం, అర్థంకాని మాటొస్తే తాతకు ఫోన్ చేయడం. తమ్ముడు కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, మొదట ఏ అధ్యాయం చేయమంటావని అడిగాడు.

వరసలో రెండోదైన కాకతీయుల అధ్యాయం ముందు చేయమన్నాను. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చిన్నాయన తన బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయి శాసనాలు చూపించేవాడు. ఆ అధ్యాయం సురవరం ఫాంటులో, పేజీకి పన్నెండు పంక్తుల చొప్పున ఎక్కించి పంపితే చాలు. తక్కిన అధ్యాయాలు తయారైనవి తయారైనట్టు మెయిల్లో వస్తాయి. వాటిని ఎక్కించిపెట్టే పని నాది.