ఆ మరక అతనిది కాదు!

హైదరాబాద్ శివార్లలో ఓ అపార్ట్‌మెంట్. మండువేసవి. ఈతకొలను మెట్ల మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు.

'ఏమయ్యా, రోజూ కడుగుతున్నావా లేదా?' సెక్రటరీగారు గదమాయించారు. పూల్ చూసుకునే కుర్రాడు తలొంచుకున్నాడు. కడుగుతూనే ఉన్నాడు పాపం. బ్రష్ అరిగింది, అరచేతులు పొక్కాయి. మరక మాత్రం కదల్లేదు. క్లోరిన్ చాలలేదేమోనని ఇంకాస్త వేశాడు. తెల్లారేసరికి మెట్లే కాదు, అడుగు కూడా ఎర్రబడింది! 'నెలాఖరులోగా పోకపోతే వేరేవాణ్ని చూసుకుంటాం' అనేశారు.

ఇక యాసిడ్ పోసి రుద్దడమే దారి అనుకున్నాడు. అప్పుడే వాకింగ్‌కి వచ్చిన రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు చూసి ఆపారు. యాసిడ్, క్లోరిన్ పొడి కలిస్తే విషవాయువు పుడుతుంది. ప్రాణాలకే ముప్పు.

'ఈమధ్య నీళ్లేమైనా మార్చారా బాబూ?'

'మున్సిపల్ నీళ్లు తగ్గాయి సార్. రెండు వారాల్నుంచీ బోరు నీళ్లే.'

'అదీ సంగతి!'

కొన్ని బోర్ల నీళ్లలో ఇనుము కరిగి ఉంటుంది. తోడినప్పుడు నీళ్లు తేటగానే కనిపిస్తాయి. గాలి, క్లోరిన్ తగిలాక ఆ ఇనుము తుప్పుగా మారి గోడలకు పట్టేస్తుంది. అంటే... క్లోరిన్ పెంచేకొద్దీ మరకా పెరుగుతుందన్నమాట! లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, బట్టలకు మరకలు పడతాయంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లెక్కన 50 వేల లీటర్ల కొలనులో ఉండేది 15 గ్రాములే. నాలుగైదు చిన్న మేకుల బరువు!

మాస్టారు మందుల షాపు నుంచి విటమిన్-సి మాత్ర తెప్పించి మరక మీద అర నిమిషం అదిమిపెట్టారు. తీసి చూస్తే మాత్రంత మేర తెల్లగా మెరిసింది. కుర్రాడి ముఖం వెలిగింది. 'తెల్లచొక్కాకి తుప్పంటితే మా అమ్మ నిమ్మచెక్క రుద్దేది సార్!' 'ఇదీ ఆ వైద్యమే. పులుపుకి తుప్పు లొంగుతుంది.'

ఆ తర్వాత పని పద్ధతిగా సాగింది. ముందు ఈత ఆపేశారు. క్లోరిన్ వేయడం మానేసి దాదాపు సున్నాకు దిగేదాకా ఆగారు. వెయ్యి లీటర్లకు ఆరు గ్రాముల లెక్కన విటమిన్-సి పొడి చల్లి, పంపు ఆన్ చేసి ఉంచారు. మరకలు కరిగిపోయాయి.

కరిగాయంతే... ఇనుము నీళ్లలోనే ఉంది! అందుకే దాన్ని మళ్లీ గోడకు అంటనివ్వకుండా పట్టి ఉంచే సీక్వెస్ట్రెంట్ అనే ద్రవం పోశారు. పీహెచ్‌ని మెల్లమెల్లగా 7.2-7.6 మధ్యకు తెచ్చారు. క్లోరిన్‌నీ కొద్దికొద్దిగానే పెంచారు. ఇక్కడ తొందరపడితే మరక తిరిగొస్తుంది. క్లోరిన్ మామూలు స్థాయికి వచ్చాకే పిల్లల్ని నీళ్లలోకి దిగనిచ్చారు. సీక్వెస్ట్రెంట్ శక్తి కూడా కొన్నాళ్లకు తగ్గిపోతుంది. అప్పుడప్పుడూ మళ్లీ పోయాల్సిందే.

అసలు మందు మాత్రం బోరు దగ్గరే ఉంది. నీళ్లు పరీక్ష చేయించడం, ఇనుమును వడకట్టే ఫిల్టరు పెట్టడం. ఖర్చు విని సెక్రటరీగారు కాసేపు మాట్లాడలేదు. ఆఖరికి 'సరే, పెట్టిద్దాం' అన్నారు. కుర్రాడి ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తలేదు.

అతను మాత్రం ఇప్పుడు కొత్త నీళ్లు పట్టేముందు ఓ తెల్ల బకెట్‌లో నింపి, చిటికెడు క్లోరిన్ వేసి చూస్తాడు. రంగు మారితే మోటారు కట్టేస్తాడు. ఎవర్నీ అడగడు!